నాస్మ్‌లో రెప్ మూవ్‌ఎస్‌డీ 1 ఎంబీ పైకి కాపీ చెయ్యట్లేదు, చేత్తో రాసిన లూప్ మాత్రం చేస్తోంది

గోదారిగట్టు:

అందరికీ నమస్తే. ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నా. సెలవుల్లో సొంతంగా చిన్న బూట్‌లోడర్ (కంప్యూటర్ ఆన్ అవ్వగానే కెర్నల్‌ని, అంటే ఓఎస్ అసలు భాగాన్ని, మెమరీలోకి ఎక్కించే ప్రోగ్రాం) నాస్మ్ అనే అసెంబ్లర్‌తో రాస్తున్నా. మా సిలబస్ 8086 దగ్గరే ఆగిపోయింది. ల్యాబ్‌లో కిట్ మీద కూడికలు, సార్టింగ్ లాంటివి చేయించారు, అంతే. ఆ పైన అంతా ప్రాసెసర్ మాన్యువల్ చూసుకుంటూ నేర్చుకున్నదే. అందుకని ప్రశ్న మరీ చిన్నదైతే ఏమీ అనుకోకండి.

సెటప్ ఇదీ. అడ్రస్‌లన్నీ హెక్స్‌లో, సైజులు మామూలు లెక్కలో రాస్తున్నా. బూట్ సెక్టార్ 7సీ00 దగ్గర, రెండో దశ 7ఈ00 దగ్గర (4 కేబీ), స్టాక్ 7సీ00 నుంచి కిందికి. రెండో దశ మొదట్లోనే ఒకసారి అన్‌రియల్ మోడ్‌కి (16 బిట్ రియల్ మోడ్‌లోనే ఉంటూ 64 కేబీ దాటి మెమరీ అందుకునే పద్ధతి) వెళ్ళి, డీఎస్, ఈఎస్ సెగ్మెంట్ రిజిస్టర్లు రెండింటికీ 4 జీబీ లిమిట్ పెట్టుకుని వెనక్కి వస్తుంది. రెండింట్లోనూ సున్నా ఉంటుంది. తర్వాత ఇంట్ 13 (ఇదీ హెక్సే, డిస్క్ చదివే బయోస్ సర్వీస్) తో కెర్నల్‌ని 8 కేబీ ముక్కలుగా 10000 దగ్గరున్న బఫర్‌లోకి చదివి, ఒక్కో ముక్కనీ 100000 నుంచి పైకి పేర్చుకుంటూ పోవాలి. 8 కేబీ ఎందుకంటే, మల్టీబూట్ హెడర్ (కెర్నల్‌ని గుర్తుపట్టడానికి లోడర్ వెతికే భాగం) మొదటి 8192 బైట్లలోపే ఉండాలి కదా, మొదటి ముక్కలోనే వెతికేసుకోవచ్చని.

ముందు కాపీని చేత్తో లూప్‌గా రాశాను: ఒక బైట్ చదవడం, రాయడం, ఈఎస్‌ఐ, ఈడీఐ (మూలం, గమ్యం అడ్రస్‌లుండే రిజిస్టర్లు) పెంచడం, లూప్. బాగానే పనిచేసింది. కెర్నల్ లేచి స్క్రీన్ మీద అక్షరాలు వేసింది. బైట్ బైట్‌గా ఎందుకులే అని దాన్ని తీసేసి రెప్ మూవ్‌ఎస్‌డీ (4 బైట్ల చొప్పున, సీఎక్స్‌లోని లెక్క అయ్యేదాకా కాపీ చేసే ఒకే ప్రాసెసర్ సూచన) పెట్టాను. సీఎక్స్‌లో 800, అంటే 2048 డబుల్‌వర్డ్‌లు. అక్కడి నుంచి అర్థం కాని వింతలు మొదలయ్యాయి.

బఫర్ 10000 దగ్గర ఉంటే: హ్యాంగ్ అవ్వదు, ఎర్రర్ రాదు, కానీ కెర్నల్ రాదు. క్యూఎము (కంప్యూటర్‌ని అనుకరించే ఎమ్యులేటర్) మానిటర్‌లో చూస్తే 100000 దగ్గర అన్నీ సున్నాలే. ఈఐపీ (నడుస్తున్న సూచన అడ్రస్) మాత్రం పైకి పోతూనే ఉంటుంది.

బఫర్‌ని 9000 దగ్గరికి మారిస్తే: మొదటి ముక్క కాపీ అయ్యీ అవ్వగానే, తర్వాతి ఇంట్ 13 దగ్గర చచ్చిపోతుంది.

మళ్ళీ 10000 కే వచ్చి, కెర్నల్‌లో ప్రింట్ ఫంక్షన్ల ఫైల్ ఒకటి కలిపితే (19 కేబీ ఉన్నది 26 కేబీ అయింది): ఈసారి లోడర్ మధ్యలోనే ఆగిపోతుంది. కెర్నల్ సైజుకీ, లోడర్ చావడానికీ ఏం సంబంధం?

లిస్టింగ్ ఫైల్‌లో (అసెంబ్లర్ తయారుచేసిన మెషీన్ కోడ్ చూపించేది) బైట్లు ఇవి, హెక్స్‌లోనే.
చేతి లూప్: 67 8ఏ 06, 67 88 07, 66 46, 66 47, ఆఖర్న ఈ2 తో లూప్.
కొత్తది: ఎఫ్3 66 ఏ5. అంతే.

హెక్స్‌డంప్:

ఏ20 గేట్ ఆన్ చేశావా? అది ఆఫ్‌లో ఉంటే అడ్రస్‌లో 20వ బిట్ ఎప్పుడూ సున్నానే. 100000 కి రాసిందల్లా 0 కి పోతుంది. అక్కడ ఇంటరప్ట్ వెక్టర్ టేబుల్ (ఒక్కో ఇంట్‌కి ఎక్కడికి దూకాలో చెప్పే పట్టిక) ఉంటుంది కాబట్టి తర్వాతి ఇంట్ దగ్గర చావడం ఖాయం. నీ రెండో లక్షణం అచ్చం అదే. 1 ఎంబీ దగ్గర తేడా వస్తే పదింట తొమ్మిది సార్లు ఏ20 నే.

గోదారిగట్టు:

చూశాను అన్నా. చేతి లూప్ పెట్టి నడిపి, మానిటర్‌లో 0 దగ్గరా, 100000 దగ్గరా విడివిడిగా చూశా. 0 దగ్గర వెక్టర్ టేబుల్ చెక్కుచెదరలేదు, 100000 దగ్గర కెర్నల్ బైట్లు సరిగ్గా ఉన్నాయి. ఏ20 కోడ్ రెండు వెర్షన్లలోనూ ఒకటే. కాపీ చేసే లైన్లు తప్ప ఇంకేమీ మారలేదు.

పాత_ఫర్మ్‌వేర్:

తమ్ముడూ, ప్రశ్న అడగడం ఎలాగో నీకు తెలుసు. బైట్లు పెట్టావు, మూడు లక్షణాలనూ కలిపేయకుండా విడిగా రాశావు. జవాబు అక్కడే ఉంది.

ఏ20 కాదు. నీ బైట్లు మళ్ళీ చూడు. చేతి లూప్‌లో చదివే సూచనకీ, రాసే సూచనకీ ముందు 67 ఉంది. రెప్ మూవ్‌ఎస్‌డీలో 66 ఉంది కానీ 67 లేదు. గొడవంతా ఆ ఒక్క బైట్‌ది.

1985లో 386 వచ్చినప్పుడు పాత 16 బిట్ కోడ్ చెడకుండా 32 బిట్ పనులు చేయించడానికి రెండు ప్రిఫిక్స్‌లు (సూచనకి ముందు వేసే బైట్లు) పెట్టారు. 66 డేటా సైజుని మారుస్తుంది. 67 అడ్రస్ సైజుని మారుస్తుంది. ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. రియల్ మోడ్‌లో రెండూ మామూలుగా 16 బిట్. అన్‌రియల్ అయినా అంతే. నువ్వు మార్చింది సెగ్మెంట్ లిమిట్‌ని మాత్రమే. కోడ్ సెగ్మెంట్ డిస్క్రిప్టర్‌లోని డీ బిట్ ఇంకా సున్నానే, అందుకే ప్రాసెసర్ దృష్టిలో నీ కోడ్ 16 బిట్ కోడే. లిమిట్ 4 జీబీ అయినంత మాత్రాన అడ్రస్ 32 బిట్లు అయిపోదు. అది ప్రతి సూచనా విడిగా చెప్పుకోవాలి.

నీ ల్యాబ్ కిట్‌లోని 8086కి ఈ రెండు ప్రిఫిక్స్‌లూ తెలియవు, అందుకే సిలబస్‌లో రాలేదు. ఆ చిప్‌లో 60 నుంచి 6ఎఫ్ దాకా ఉన్న బైట్లు 70 నుంచి 7ఎఫ్ లాగే పనిచేస్తాయి. అంటే అక్కడ 67 వేస్తే అది షరతు మీద ఎగిరే జంప్. కిట్ మీద సరదాకి వేసి చూడు.

చేతి లూప్‌లో 67 ఎలా వచ్చిందంటావా? బ్రాకెట్లలో ఈఎస్‌ఐ, ఈడీఐ అని రాశావు. నాస్మ్ అది చూసి, 32 బిట్ అడ్రస్ కావాలి కాబోలని తనే ప్రిఫిక్స్ వేసింది. మూవ్‌ఎస్‌డీలో అడ్రస్ ఎక్కడ రాశావు? ఎక్కడా రాయలేదు. ఎస్‌ఐ వాడాలా, ఈఎస్‌ఐ వాడాలా అన్నది ఆ పేరులో లేదు. చివరి డీ అక్షరం డేటా 4 బైట్లని మాత్రమే చెబుతుంది, దానికి 66 పడింది. అడ్రస్ గురించి నువ్వేమీ చెప్పలేదు కాబట్టి ప్రస్తుత మోడ్‌దే వాడింది. అంటే ఈఎస్‌ఐ బదులు ఎస్‌ఐ, ఈడీఐ బదులు డీఐ, ఈసీఎక్స్ బదులు సీఎక్స్. నాస్మ్‌ని తప్పుబట్టడానికి ఏమీ లేదు, 16 బిట్ మూవ్‌ఎస్‌డీ పూర్తిగా సక్రమమైన సూచనే. వార్నింగ్ ఇవ్వడానికి కూడా దానికి కారణం లేదు.

ఇప్పుడు ప్రతి అడ్రస్‌లోనూ చివరి నాలుగు అంకెలే ఉంచి, నీ మూడు వింతల లెక్కా వెయ్యి.

బఫర్ 10000: ఎస్‌ఐ 0000. గమ్యం 100000: డీఐ 0000. రెండు సెగ్మెంట్లూ సున్నా. అంటే 0 నుంచి 8 కేబీ తీసి, 0 దగ్గరే పెట్టావు. వెక్టర్ టేబుల్‌ని దాని మీద దానినే రాశావు. ఏమీ చెడలేదు, ఏమీ రాలేదు. రెండో ముక్క 102000కి, కాబట్టి డీఐ 2000. మూడోది 4000. ఈ రెండు చోట్లా నీవేమీ లేవు, కాబట్టి అక్కడా నష్టం తెలియలేదు. తర్వాత ప్రొటెక్టెడ్ మోడ్‌కి (నీ కెర్నల్ నడిచే 32 బిట్ మోడ్) వెళ్ళి 100000కి దూకితే అక్కడ సున్నాలు. 00 00 అంటే కూడిక సూచన, ఎర్రర్ కాదు. అందుకే ఈఐపీ ఏ ఫిర్యాదూ లేకుండా పైకి పోయింది.

బఫర్ 9000: ఎస్‌ఐ 9000, డీఐ 0000. ఈసారి మూలం నిజమైనదే. కెర్నల్ మొదటి 8 కేబీ తెచ్చి 0 దగ్గర పరిచావు. 0 నుంచి 3ఎఫ్ఎఫ్ దాకా వెక్టర్ టేబుల్, 400 నుంచి బయోస్ డేటా, రెండూ పోయాయి. ఇంట్ 13 పిలిస్తే, కెర్నల్‌లోని ఏవో నాలుగు బైట్లను అడ్రస్ అనుకుని అక్కడికి దూకింది. ఏ20 ఆఫ్‌లో ఉన్నా ఇదే కనిపిస్తుంది, అందుకే హెక్స్‌డంప్ గారి అనుమానం సహజమే.

26 కేబీ కెర్నల్: 8 కేబీ చొప్పున నాలుగు ముక్కలు. నాలుగోది 106000కి, డీఐ 6000. అక్కణ్ణుంచి 8 కేబీ అంటే 7ఎఫ్ఎఫ్ఎఫ్ దాకా. 7సీ00 కింద నీ స్టాక్, 7సీ00లో బూట్ సెక్టార్, 7ఈ00లో రెండో దశ మొదటి 512 బైట్లు, అన్నీ ఆ దారిలోనే ఉన్నాయి. కాపీ రొటీన్ నుంచి వెనక్కి రావడానికి రిటర్న్ అడ్రస్ కూడా మిగలలేదు. 19 కేబీకి మూడు ముక్కలే కాబట్టి బతికిపోయావు. కెర్నల్ సైజుకీ లోడర్ చావుకీ సంబంధం ఇదీ.

పరిష్కారం ఒక్క పదం: రెప్ మూవ్‌ఎస్‌డీకి ముందు ఏ32 అని రాయి. లిస్టింగ్‌లో ఆ సూచనకి 67 కూడా చేరిందో లేదో చూసుకో. ప్రిఫిక్స్‌లలో అది ముందొచ్చినా మధ్యలో వచ్చినా తేడా లేదు.

మూవ్‌ఎస్ ఒక్కటే కాదు. అడ్రస్ పైకి కనపడకుండా లోపల వాడుకునే సూచనలన్నిటికీ ఇదే పేచీ: లోడ్స్, స్టాస్, స్కాస్, కంప్స్, ఎక్స్‌లాట్. లూప్ కూడా. లూప్ సీఎక్స్‌ని తగ్గించాలా, ఈసీఎక్స్‌ని తగ్గించాలా అన్నది తేల్చేది డేటా సైజు కాదు, అడ్రస్ సైజే. చాలామందికి ఇది వింతగా అనిపిస్తుంది. నీ చేతి లూప్‌లో 8192 సార్లు కాబట్టి సీఎక్స్ సరిపోయింది. 64 కేబీ దాటితే అదీ మోసం చేసేది.

ఒకటి మాత్రం బాగా చేశావు, ఈఎస్‌కి కూడా లిమిట్ పెట్టావు. చేతి లూప్ డీఎస్‌తోనే గడిచిపోతుంది, మూవ్‌ఎస్ గమ్యానికి మాత్రం ఈఎస్ తప్పదు, దాన్ని ఓవర్‌రైడ్ చెయ్యలేం. చాలామంది డీఎస్ ఒక్కటే పెట్టి, ఇదే చోట రెండో గోతిలో పడతారు.

గోదారిగట్టు:

సర్, లెక్క వేసి చూస్తే మూడూ అక్షరాలా సరిపోయాయి. బఫర్‌ని మార్చినప్పుడల్లా బగ్ కూడా మారుతోందని తల పట్టుకున్నా. ఉన్నది ఒకటే బగ్ అన్నమాట.

ఏ32 పెట్టాను, 67 పడింది. కానీ ఇప్పుడు ఇంకో రకంగా ఆగింది. మొదటి ముక్క కాపీలోకి వెళ్ళి బయటికి రావట్లేదు. రీబూట్ కూడా అవ్వదు. ల్యాప్‌టాప్ ఫ్యాన్ మాత్రం హోరెత్తిపోతోంది. మానిటర్‌లో చూస్తే 100000 దగ్గర కెర్నల్ కనిపిస్తోంది! అంటే కాపీ అయింది, కానీ ఆగట్లేదు. కాపీకి ముందు మల్టీబూట్ హెడర్ వెతికే కోడ్ ఉంది, అది ఇదివరకటి నుంచీ ఉన్నదే.

పాత_ఫర్మ్‌వేర్:

ఆ వెతికే కోడ్‌లో మేజిక్ నంబర్‌ని (హెడర్ మొదట్లో ఉండే గుర్తింపు సంఖ్య) పోల్చడానికి ఏ రిజిస్టర్‌లోకి తెచ్చుకున్నావు? ఈసీఎక్స్‌లోకేనా?

గోదారిగట్టు:

అవును సర్, ఈసీఎక్స్‌లోకే.

పాత_ఫర్మ్‌వేర్:

అయితే అదే. మల్టీబూట్ మేజిక్ 1బీఏడీబీ002. వెతకడం అయ్యాక ఈసీఎక్స్‌లో అది మిగిలింది. తర్వాత నువ్వు సీఎక్స్‌లో 800 పెట్టావు. కింది సగమే మారింది, పై సగంలో 1బీఏడీ అలాగే కూర్చుంది. ఇదివరకు రెప్ సీఎక్స్‌నే చూసేది కాబట్టి పై సగంలో ఏమున్నా నీకు పట్టలేదు. ఇప్పుడు 67 వల్ల మొత్తం ఈసీఎక్స్ చూస్తోంది: 1బీఏడీ0800. మామూలు లెక్కలో 46,43,24,608 సార్లు, ఒక్కోసారి 4 బైట్లు. దాదాపు 1.86 జీబీ కాపీ చెయ్యమన్నావు. క్యూఎముకి నువ్వు ఏమీ చెప్పకపోతే ఇచ్చే ర్యామ్ 128 ఎంబీ. ర్యామ్ అయిపోయాక శూన్యంలోకి రాస్తూ పోతోంది పాపం. అది హ్యాంగ్ కాదు, నువ్వు చెప్పిన పనే చేస్తోంది. ఓపిగ్గా కూర్చుంటే ఎప్పటికో బయటికొస్తుంది.

సీఎక్స్‌లో కాకుండా ఈసీఎక్స్‌లోనే 800 పెట్టు. విలువ లెక్కకట్టి వచ్చేదైతే మూవ్‌జెడ్‌ఎక్స్‌తో సీఎక్స్‌ని ఈసీఎక్స్‌లోకి పరుచు, పై సగం సున్నా అవుతుంది. ఈఎస్‌ఐ, ఈడీఐల సంగతీ అంతే. ఎక్కడైనా ఎస్‌ఐ, డీఐ అని సగమే నింపుతున్నావేమో కోడంతా ఒకసారి చూడు. డైరెక్షన్ ఫ్లాగ్ (కాపీ ముందుకా, వెనక్కా అని చెప్పేది) కూడా క్లియర్ చేసుకో. బయోస్ దాన్ని ఏ స్థితిలో వదిలేసిందో నమ్మకూడదు.

16 బిట్ కోడ్‌కి 67 తగిలించిన ప్రతిచోటా ఈ రెండో అడుగు తప్పదు. అడ్రస్ పెద్దదైతే దానితో పాటు కౌంటర్ కూడా పెద్దదవుతుంది.

గ్యాస్_బండ:

గ్నూ అసెంబ్లర్ వాడేవాళ్ళ కోసం ఒక మాట. అక్కడ ఏ32 అని ఉండదు, యాడర్32 అని రాయాలి. ఇంకో సౌకర్యం, స్ట్రింగ్ సూచనకి కూడా ఆపరాండ్లు రాయొచ్చు. మూవ్‌ఎస్‌ఎల్ పక్కన బ్రాకెట్లలో ఈఎస్‌ఐ, ఈఎస్ సెగ్మెంట్‌తో ఈడీఐ అని రాస్తే, అది చూసి 67 తనే వేస్తుంది. ఫాస్మ్‌లో కూడా మూవ్స్ అని రాసి ఆపరాండ్లు ఇవ్వొచ్చు. నాస్మ్ మాత్రం ఆ రూపం ఒప్పుకోదు, అందుకే నాస్మ్ వాళ్ళే ఎక్కువగా ఈ గోతిలో పడతారు.

ఇంకోటి. నెట్‌లో పాత పాఠాల్లో ఏ32 బదులు డీబీ అని పెట్టి 67 ని నేరుగా రాసేస్తుంటారు. అది కాపీ కొట్టకు. 67 అంటే 32 బిట్ అని కాదు, ఇప్పుడున్నది కాకుండా రెండోది అని. అదే రొటీన్‌ని రేపు బిట్స్ 32 (ఇక్కణ్ణుంచి 32 బిట్ కోడ్ అని నాస్మ్‌కి చెప్పే లైన్) కింద పెడితే, ఆ 67 వల్ల 16 బిట్ అడ్రస్ అయిపోతుంది. ఏ32 అని రాస్తే అవసరమైన చోటే నాస్మ్ ప్రిఫిక్స్ వేస్తుంది, 32 బిట్ కోడ్‌లో వెయ్యదు.

గోదారిగట్టు:

ఈసీఎక్స్ పూర్తిగా నింపాక క్యూఎములో నాలుగు ముక్కలూ ఎక్కాయి, కెర్నల్ లేచింది. థాంక్యూ సర్!

ఉత్సాహం ఆపుకోలేక ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్‌తో బూట్ చేశా (దానిలో లెగసీ బూట్, అంటే పాత బయోస్ పద్ధతి, ఉంది). ప్రతి ముక్క చదివాక ఒక చుక్క, కాపీ అయ్యాక ఒక ప్లస్ వేయిస్తున్నా. క్యూఎములో చుక్క, ప్లస్, చుక్క, ప్లస్ అని వరసగా వస్తాయి. ల్యాప్‌టాప్‌లో ఒక్క చుక్క పడి ఆగిపోయింది. ‘హెడర్ దొరికింది’ అన్న లైన్ కూడా రాలేదు.

పాత_ఫర్మ్‌వేర్:

చివరి వాక్యమే ముఖ్యం. హెడర్ వెతకడం కూడా కాలేదంటే గొడవ రెప్‌లో లేదు. వెతికే కోడ్ ఈఎస్‌ఐలో 10000 పెట్టుకుని డీఎస్ ద్వారా చదువుతోంది, అవునా? 10000 అంటే ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ దాటింది. లిమిట్ 4 జీబీ ఉంటేనే చెల్లుతుంది. చుక్క పడింది కాబట్టి ఇంట్ 13 చదివి వచ్చింది. ఆ ఇంట్ 13 లోపలే నీ లిమిట్ పోయింది.

అన్‌రియల్ మోడ్ అని ప్రాసెసర్‌లో అధికారికంగా ఒక మోడ్ ఏమీ లేదు. సెగ్మెంట్ రిజిస్టర్ వెనక ప్రాసెసర్ దాచుకునే లిమిట్‌ని ప్రొటెక్టెడ్ మోడ్‌లో ఒకసారి పెంచి, వెనక్కొచ్చాక అది అలాగే మిగలడాన్ని మనం వాడుకుంటున్నాం. రియల్ మోడ్‌లో డీఎస్ మార్చినా బేస్ మాత్రమే మారుతుంది, లిమిట్ చెదరదు. అందుకే క్యూఎములో గడిచిపోయింది. కానీ కొన్ని బయోస్‌లు, ముఖ్యంగా యూఎస్‌బీని డిస్క్‌లా చూపించేటప్పుడు, తామే ప్రొటెక్టెడ్ మోడ్‌కి వెళ్ళి, 64 కేబీ లిమిట్‌లు పెట్టుకుని వెనక్కొస్తాయి. అది బయోస్ తప్పు కాదు. వచ్చేటప్పుడు నీ 4 జీబీని తిరిగి పెట్టాలని దానికి ఎవరూ చెప్పలేదు.

అప్పుడు వచ్చేది 13వ ఎక్సెప్షన్ (తప్పు కనపడితే ప్రాసెసర్ తనే లేపే ఇంటరప్ట్), హెక్స్‌లో 0డీ. రియల్ మోడ్‌లో అదే నంబరు మీద ఐఆర్‌క్యూ 5 (ఒక హార్డ్‌వేర్ ఇంటరప్ట్) కూడా కూర్చుని ఉంటుంది. బయోస్‌లోని ఆ హ్యాండ్లర్, ఏదో హార్డ్‌వేర్ పిలిచిందనుకుని సరే అని వెనక్కి పంపుతుంది. వెనక్కి అంటే ఎక్కడికి? తప్పు చేసిన అదే సూచన దగ్గరికి. మళ్ళీ 0డీ, మళ్ళీ వెనక్కి. స్క్రీన్ మీద ఏమీ లేకుండా ఆగిపోయినట్టు కనిపించేది అందుకే.

అన్‌రియల్‌కి వెళ్ళే కోడ్‌ని ఒక రొటీన్‌గా విడదీసి, ప్రతి ఇంట్ 13 తర్వాత పిలువు. ఇంటరప్ట్‌లు ఆపి, అన్‌రియల్‌కి వెళ్ళి, వెతికి, కాపీ చేసి, అప్పుడు తిరిగి వదులు. 8 కేబీకి పట్టే సమయంలో టైమర్‌కి వచ్చే నష్టం ఏమీ లేదు. ఆ రొటీన్ ఈఏఎక్స్, బీఎక్స్ చెడగొడుతుంది కాబట్టి ఇంట్ 13 ఇచ్చిన ఎర్రర్ కోడ్‌ని ముందే చూసుకో.

హెక్స్‌డంప్:

నా మాట వింటే ఈ అన్‌రియల్ గోలే వద్దు. 26 కేబీ కెర్నల్‌కి ఇంత అవస్థ ఎందుకు? 640 కేబీ లోపల 10000 నుంచి పైకి బోలెడంత ఖాళీ ఉంది. మొత్తం కెర్నల్‌ని అక్కడే చదివేసుకో, బయోస్‌తో పనులన్నీ ముగించు, ప్రొటెక్టెడ్ మోడ్‌కి ఒక్కసారే వెళ్ళు, అక్కడ బిట్స్ 32లో రెప్ మూవ్‌ఎస్‌డీతో 100000కి కాపీ చెయ్యి. అక్కడ అడ్రస్ మామూలుగానే 32 బిట్, 67 ఊసే ఉండదు. లిమిట్ పోతుందన్న భయం కూడా లేదు.

పాత_ఫర్మ్‌వేర్:

26 కేబీకి ఆయన చెప్పిందే మంచి దారి, నేనూ ఒప్పుకుంటా. కెర్నల్ 500 కేబీ దాటి పెరిగినప్పుడు మాత్రం మళ్ళీ ముక్కలుగా పైకి ఎక్కించక తప్పదు. అప్పుడు మూడు దారులు: ఈ అన్‌రియల్, ప్రతి ముక్కకీ ప్రొటెక్టెడ్‌కి వెళ్ళి రావడం, లేదా బయోస్‌దే అయిన ఇంట్ 15, ఏహెచ్‌లో 87. మూడోది కాపీని బయోస్ చేతే చేయిస్తుంది. ఈఎస్, ఎస్‌ఐతో 48 బైట్ల డిస్క్రిప్టర్ పట్టిక చూపించాలి, సీఎక్స్‌లో వర్డ్‌ల లెక్క, ఒక్కసారికి గరిష్ఠంగా 64 కేబీ. 286 కాలంలో పుట్టింది కాబట్టి అసలు దానిలో బేస్ అడ్రస్ 24 బిట్లే, పై 8 బిట్లు 386 తర్వాత చేరాయి. 16 ఎంబీ లోపల నీకు ఆ గొడవ లేదు. నిదానమే, కానీ బయోస్ తన మోడ్‌ల సంగతి తానే చూసుకుంటుంది.

ఏ దారిలో వెళ్ళినా బిట్స్ 16, బిట్స్ 32 అన్న లైన్లు నాస్మ్‌కి చెప్పేవే, ప్రాసెసర్‌కి కాదు. ప్రొటెక్టెడ్‌కి దూకే ఫార్ జంప్ తర్వాతి లేబుల్ దగ్గర బిట్స్ 32 రాయడం మర్చిపోతే 66, 67లన్నీ తిరగబడతాయి. అక్కడా లిస్టింగ్ చూడు.

గోదారిగట్టు:

రెండూ చేశాను. ప్రతి ఇంట్ 13 తర్వాత అన్‌రియల్‌కి వెళ్ళేలా మార్చాక ల్యాప్‌టాప్‌లో చుక్క, ప్లస్ నాలుగుసార్లు పడ్డాయి, కెర్నల్ లేచింది. తర్వాత హెక్స్‌డంప్ అన్న చెప్పినట్టు వేరే బ్రాంచ్‌లో అంతా కిందే చదివి, బిట్స్ 32లో ఒక్కసారే కాపీ చేశా, అదీ రెండు చోట్లా నడిచింది. ప్రస్తుతానికి ఇదే ఉంచుతున్నా. పొడవు కూడా సగానికి తగ్గింది.

కాపీ రొటీన్‌ని వేరే ఫైల్‌లో పెట్టి రెండు బ్రాంచ్‌లలోనూ అదే కలుపుతున్నా. ఏ32 అలాగే ఉంచాను. లిస్టింగ్‌లో 16 బిట్ వైపు 67 పడింది, 32 బిట్ వైపు ఎఫ్3 ఏ5 మాత్రమే ఉంది, 66 కూడా లేదు. ఇది సరైనదేనా?

గ్యాస్_బండ:

సరైనదే. బిట్స్ 32లో డేటా సైజు కూడా మామూలుగానే 4 బైట్లు కాబట్టి 66 అక్కర్లేదు. అక్కడ ఎప్పుడైనా 66 కనిపిస్తే 2 బైట్ల చొప్పున కాపీ అవుతుంది, అప్పుడు అనుమానించు.